మలబార్ ట్రోగన్‌ను గుర్తించడం ఎలా?

నమస్కారం. పడమటి కనుమల్లోనూ, మధ్య భారత కొండల్లోనూ, తూర్పు కనుమల్లో కొన్ని చోట్లా, శ్రీలంకలోనూ నివసించే మలబార్ ట్రోగన్ గురించి ఈ వీడియోలో తెలుసుకుందాం.

తెరపై కనిపిస్తున్నది మగ పక్షి. తల, మెడ, రొమ్ము బొగ్గు రంగులోనూ, పొట్ట ముదురు ఎరుపులోనూ ఉన్నాయి. ఈ రెండు రంగుల మధ్య హారం వేసినట్టుగా సాగిన తెల్లని చారను గుర్తుంచుకోండి. ఎరుపు, నలుపు కలిసిన చిన్న మినివెట్ పక్షులు కూడా ఇవే అడవుల్లో తిరుగుతాయి కానీ, వాటికి ఈ చార ఉండదు, అవి ఒక్క చోట నిలవవు. ట్రోగన్ తోకతో కలిపి సుమారు 31 సెంటీమీటర్ల పొడవుంటుంది.

ఇప్పుడు ఆడ పక్షిని చూడండి. తల, రొమ్ము గోధుమ రంగు, పొట్ట పసుపు కలిసిన గోధుమ రంగు. ఎరుపు కోసమే వెతికేవారు దీనిని చూడకుండానే దాటిపోతారు.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. ఈ పక్షి తరచుగా చూసేవారికి వీపు తిప్పి కూర్చుంటుంది. గోధుమ రంగు వీపు నీడలో కలిసిపోవడంతో అంతటి ఎరుపూ మన కంట పడదు. అందువల్ల రంగుకంటే ముందు ఆకారాన్ని వెతకాలని నా సలహా: పెద్ద చెట్ల గొడుగు కింద, నడిమి ఎత్తు కొమ్మపై, కదలకుండా నిటారుగా కూర్చుని, చివర కత్తిరించినట్టుండే పొడవాటి తోకను కిందికి వేలాడదీసిన పక్షి కోసం చూడండి. అది హఠాత్తుగా ఎగిరి, పురుగును పట్టి, మళ్లీ కొమ్మపై వాలుతుంది. తోక నుంచి రెండు పొడవాటి ఈకలు వేలాడే డ్రోంగోలు ఇతర పక్షులతో గుంపుగా వెళ్తుంటే, ఆ గుంపులో ట్రోగన్ కూడా ఉండవచ్చు.

దీని పాదం మరో విశేషం. మొదటి, రెండవ వేళ్లు వెనక్కి, మిగిలిన రెండూ ముందుకు ఉంటాయి. ఈ అమరిక ట్రోగన్ కుటుంబానికి తప్ప మరే పక్షికీ లేదు.

భారతదేశంలో ఇవి ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి మే వరకు గూడు కడతాయి. ఆడ, మగ రెండూ కలిసి పుచ్చిన చెట్టు మొదలును ముక్కుతో తొలిచి గూడు చేసుకుంటాయి, సాధారణంగా రెండు గుడ్లు పెడతాయి. గట్టి కలపను తొలిచే శక్తి ఆ ముక్కుకు లేదు కాబట్టి, ఎండి పుచ్చిన మొద్దులను పనికిరానివని తొలగించిన అడవిలో వీటికి గూడు దొరకదు. పిల్లలు గూడు విడిచిన తరువాత కూడా నెలల తరబడి తల్లిదండ్రుల పోషణ మీదే ఆధారపడతాయి. కనుక ఫోటో కోసం రికార్డు చేసిన కూతను వినిపించి ఈ పక్షిని దగ్గరకు రప్పించవద్దని, గూడు కనిపించినా దాని వైపు నడవవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.