గున్నమ్మ త్యాగమూర్తి కాదు

హోస్ట్: నమస్కారం అండీ. ఇవాళ మనతో ఉన్నది విశాఖలో హైస్కూల్ పిల్లలకి సోషల్ చెప్పే మేడమ్. ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం, వెనకాల అలల హోరు వినిపిస్తే సర్దుకోండి. మేడమ్, మీ క్లాసులో ఒక మాట నిషేధమటగా?

టీచర్: (నవ్వు) 'త్యాగమూర్తి'. రాస్తే మార్కు కోసేస్తాను.

హోస్ట్: పాపం, అదేం చేసిందండీ?

టీచర్: సాసుమాన గున్నమ్మ గురించి చెప్పాను పిల్లలకి. మందసా జమీందారీ, గుడారి రాజమణిపురం. అడవిలో కలప కొట్టుకోవడం దగ్గర రైతులకీ జమీందారుకీ పేచీ. పోలీసులొచ్చి రైతుల్ని పట్టుకుపోతుంటే ఈవిడ అడ్డం నిలబడింది. 1940 ఏప్రిల్ 1న కాల్పుల్లో చనిపోయింది. వారం తర్వాత టెస్టు పెట్టా. ఏ పేపరు చూసినా 'దేశం కోసం ప్రాణాలర్పించిన త్యాగమూర్తి' అనే! ఒక్కదాంట్లోనూ అడవి లేదు, కలప లేదు, జమీందారు అసలే లేడు.

హోస్ట్: గొడవంతా పోయి ఫొటోకి దండ మిగిలింది.

టీచర్: అంతే కదా! నాగలికి కర్ర కావాలి, పొయ్యిలోకి కట్టె కావాలి. ఆవిడ చావడానికి వెళ్లలేదు బాబూ, మావాళ్లని ఎందుకు తీసుకుపోతున్నారని నిలదీయడానికి వెళ్లింది. పైగా ఒకడు, 'అది శ్రీకాకుళం కదా మేడమ్, మనది కాదు' అన్నాడు. శ్రీకాకుళం జిల్లా ఏర్పడిందే 1950లో. అప్పటికి మందసా మన విశాఖ జిల్లాలోదే. పాత హద్దులు బోర్డు మీద గీసి చూపిస్తే అప్పుడు ముందుకు వంగి చూశారు.

హోస్ట్: ఎవరికైనా ఎక్కిందా మరి?

టీచర్: జాలారిపేట పిల్ల ఒకత్తి ఉంది. ఎప్పుడూ నోరు విప్పదు. ఆ రోజు లేచి, 'మా మామ్మా అంతే మేడమ్, హార్బర్లో చేపల రేటు తగ్గిస్తే గంప కింద పెట్టేసి దెబ్బలాడుద్ది' అంది. క్లాసంతా నవ్వు. నేను మాత్రం మర్నాడు ఆ మామ్మ మాటలు రాసుకురమ్మన్నాను. రెండు పేజీలు రాసింది, సగం తిట్లే. ఒక్కటీ కొట్టెయ్యలేదు.

హోస్ట్: (నవ్వు) ఆ పేజీలు మాకు చదివి వినిపించాలి.

టీచర్: అమ్మో, మీ ఛానెల్ మూసేస్తారు! అయినా ఇలా ఆడవాళ్ల కథలు పోగేయడం నా బుర్రలో పుట్టింది కాదు. భండారు అచ్చమాంబ వందేళ్ల కిందటే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అని స్త్రీల జీవిత చరిత్రలు రాసిపెట్టింది. 1905లో పోయింది, ముప్పై దాటిందో లేదో. నేను డిగ్రీ దాకా సోషలే చదివాను, ఆవిడ పేరు చెప్పినవాళ్లు లేరు. ఆ కడుపుమంట ఉంది నాకు.

హోస్ట్: వచ్చే వారం ఎవరు?

టీచర్: దువ్వూరి సుబ్బమ్మ. ద్రాక్షారామం ఆవిడ, చిన్నప్పుడే భర్త పోయాడు. సహాయ నిరాకరణలో 1922లో జైలుకెళ్లింది. క్షమాపణ చెప్పమని అడిగితే, తన కాలిగోరు కూడా ఆ పని చెయ్యదందట. పేరు చెప్పగానే ఒకడు, 'ఆవిడ ఎవరి భార్య మేడమ్?' అన్నాడు. ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా బోర్డు మూల ఒక గీత గీస్తాను.

హోస్ట్: ఎన్నయ్యాయి?

టీచర్: పదకొండు. మొన్న గాంధీగారి పాఠంలో ఆ జాలారిపేట పిల్లే లేచి, 'ఈయన ఎవరి భర్త మేడమ్?' అంది. దానికీ గీశాను.