మెదడువాపుకు యాంటీబాడీ: మందు ఎన్నో రోజున పడింది?

సభకు నమస్కారం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చి మిర్యాలగూడ చుట్టుపక్కల నాట్లు పడ్డాక మళ్లలో నిలిచే నీరు, జపనీస్ మెదడువాపు వైరస్‌ను మోసే క్యూలెక్స్ దోమకు అనువైన చోటు. కొంగల్లో, పందుల్లో పెరిగే ఆ వైరస్ దోమకాటుతో పిల్లల దాకా వస్తుంది. మన దేశంలో దీన్ని తొలిసారి 1955లో వెల్లూరులో గుర్తించారు. టీకా ఉంది, కానీ జబ్బు మెదడుకు పాకాక వైరస్‌ను అణచే మందు నేటికీ లేదు. అందుకే యాంటీబాడీని, అంటే వైరస్‌ను పట్టి అడ్డుకునే ప్రొటీన్‌ను, మందుగా ఇచ్చి జంతువులపై జరుపుతున్న పరీక్షల గురించి మీకు చెప్పాలనుకున్నాను.

ప్రయోగశాల చిట్టెలుక బరువు ఇరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ. వైరస్ ఎక్కించిన నాటి నుంచి దాన్ని రోజూ తూకం వేస్తారు. జబ్బు ముదిరే ఎలుక మేత తగ్గిస్తుంది, బొచ్చు నిక్కబొడుచుకుంటుంది, వీపు ముడుచుకుంటుంది, చివరికి వెనక కాళ్లు ఈడుస్తుంది. కొన్నింటికి ఆ వైరస్‌ను పట్టే యాంటీబాడీని, కొన్నింటికి దానితో సంబంధం లేనిదాన్ని ఇచ్చి, ఏ పెట్టెలో ఏది పడిందో తూచేవారికి తెలియకుండా ఉంచుతారు. బాధ హద్దు దాటిన జీవిని నొప్పి తెలియకుండా సాగనంపాలన్న నియమాన్ని ఏ కారణంతోనూ సడలించకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫలితాల్లో నేను మొదట వెతికేది మందు ఎన్నో రోజున ఇచ్చారన్నది. వైరస్ ఎక్కించిన మర్నాడే ఇస్తే యాంటీబాడీ వైరస్‌ను రక్తంలోనే పట్టేస్తుంది. మన బిడ్డ ఆసుపత్రికి చేరేది ఫిట్స్ మొదలయ్యాక, అంటే వైరస్ మెదడులో ఉన్నప్పుడు. రక్తానికీ మెదడుకూ నడుమ ఉన్న అడ్డును దాటేది రక్తంలోని యాంటీబాడీలో సుమారు వెయ్యో వంతే. ఇదే కుటుంబానికి చెందిన వెస్ట్ నైల్ వైరస్‌పై 2005లో వెలువడిన ప్రయోగంలో, ఐదో రోజున ఇచ్చిన ఒక్క మోతాదు ఎలుకల మరణాలను బాగా తగ్గించింది. ఆశ పుట్టించిన ఫలితమే అది. ఆ మందును మనుషుల్లోనూ పరీక్షించబోయారు గాని, రోగులు చాలినంతమంది దొరకక మధ్యలో ఆగింది.

అలాంటి పరీక్ష మన దగ్గర జరగాలంటే, వెన్నునీటిలో ఐజీఎం (వైరస్ సోకాక ఒంట్లో మొదట పుట్టే యాంటీబాడీ) ఉందో లేదో చూసే పరీక్ష ఆలస్యం కాకూడదు, కేసు షీటులో జ్వరం మొదలైన తేదీ ఉండాలి. నర్సింగ్ విద్యార్థులారా, వార్డులో తల్లి పక్కన కూర్చుని ముందుగా ఈ ఒక్కటీ అడిగి రాసుకోండి: ‘‘పిల్లగానికి జ్వరం ఎప్పటిసంది ఉందమ్మా?’’