పాప్రికా బ్లూరే రివ్యూ: కల మొదలైందని చెప్పని సినిమా

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో సతోషి కోన్ దర్శకత్వం వహించిన జపనీస్ యానిమేషన్ చిత్రం 'పాప్రికా' బ్లూరే డిస్కు గురించి మాట్లాడుతున్నాను. ముందుగా చెప్పవలసిన విషయం ఒకటి ఉంది. ఈ డిస్కును హైదరాబాద్‌లోని ఒక దుకాణంవారు నాకు ఉచితంగా పంపించారు. వారి దగ్గర డబ్బు తీసుకోలేదు, నేను చెప్పబోయే మాటలను వారికి ముందుగా చూపించనూ లేదు. డిస్కులో ఏ భాషల ఆడియో ఉంది, అదనపు వీడియోలు ఏమున్నాయి అనే వివరాలు అట్ట వెనకా, అమ్మే సైట్లలోనూ దొరుకుతాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను.

కథను కూడా టూకీగానే చెబుతాను. ఇతరుల కలల్లోకి ప్రవేశించి మానసిక చికిత్స చేయడానికి తయారైన డీసీ మినీ అనే పరికరం దొంగల పాలవుతుంది. దాన్ని వెతికే డాక్టర్ అత్సుకో చిబా మెలకువలో ముక్తసరిగా మాట్లాడే శాస్త్రవేత్త, కలల్లో మాత్రం పాప్రికా అనే చలాకీ అమ్మాయి. ఇద్దరికీ గొంతు ఇచ్చింది మెగుమి హయాషిబారా ఒక్కరే. యసుతాకా త్సుత్సుయి నవల ఆధారంగా మ్యాడ్‌హౌస్ స్టూడియో నిర్మించిన ఈ 90 నిమిషాల చిత్రం 2006లో వెనిస్ చలనచిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది.

ఇక నేను మాట్లాడదలచుకున్నది ఈ సినిమాలో ఒక దృశ్యానికీ మరో దృశ్యానికీ మధ్య ఉన్న అతుకు గురించి. మన తెలుగు సినిమాలో కలకు ఒక పద్ధతి ఉంది. హీరోయిన్ కళ్లు అరమూస్తుంది, తెర మీద పొగ కమ్ముకుంటుంది, దుస్తులు మారిపోతాయి, పాట మొదలవుతుంది. పాట చివర ఎవరో భుజం తట్టి పిలుస్తారు, మనమూ ఆమెతోపాటు తిరిగి ఇంట్లోకి వచ్చేస్తాం. 1957 నాటి 'మాయాబజార్'లోనూ మాయా శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడేనని ప్రేక్షకుడికి ముందే తెలుసు, తెలియనిది పెళ్లిపీట మీది లక్ష్మణకుమారుడికి. ఆ తేడాలోంచే మనకు అంత నవ్వు పుడుతుంది. కోన్ సినిమాలో మనం కూర్చునేది లక్ష్మణకుమారుడి పీట మీద. కల మొదలైందని మనకు ఎవరూ చెప్పరు.

ఒక దృశ్యాన్ని దగ్గరగా చూద్దాం. కనిపించకుండా పోయిన సహోద్యోగిని వెతుకుతూ అత్సుకో అతని అపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది. గదిలో కనిపించిన దారి వెంట నడిస్తే పాడుబడిన వినోద ఉద్యానం వస్తుంది. అక్కడ ఒక బొమ్మ కనబడితే, దాన్ని అందుకోవడానికి ఆమె కంచె దాటబోతుంది. అంతలో వెనకనుంచి ఒక చేయి ఆమెను పట్టి లాగుతుంది. ఆమె దాటబోయింది కంచెను కాదు, ఎత్తయిన బాల్కనీ రెయిలింగ్‌ను. కాలు ఎత్తిన కదలిక కలలో మొదలై మెలకువలో ముగిసింది. మధ్యలో తెర మసకబారలేదు, రంగు మారలేదు, సంగీతం మనల్ని హెచ్చరించలేదు. ఎడిటింగ్‌లో కదలిక మీద కోత వేయడం, అంటే కదలిక సగంలో ఉండగానే ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారడం, కొత్త విద్యేమీ కాదు, తలుపు తీసే చేతిని బయటనుంచి చూపించి, అదే చేతిని లోపలనుంచి చూపించడం ప్రతి సినిమాలోనూ జరుగుతుంది. కోన్ అదే విద్యను రెండు లోకాల మధ్య ప్రయోగించాడు.

ఇది యానిమేషన్‌లోనే ఇంత బలంగా ఎందుకు సాధ్యమవుతుందో చెప్పుకోవాలి. నటీనటులతో తీసిన సినిమాలో కలకోసం సెట్ వేసినా, గ్రాఫిక్స్ చేసినా, మన కన్ను ఆ అసహజత్వాన్ని పట్టేస్తుంది. గీసిన బొమ్మలో అత్సుకో ఆఫీసు బల్లా, కలలోని ఊరేగింపులో నడిచే ఫ్రిజ్జూ ఒకే చేతితో, ఒకే గీతతో, ఒకే శ్రద్ధతో పుట్టినవి. బల్ల నిజమనీ ఫ్రిజ్జు అబద్ధమనీ తేల్చడానికి గీతలో ఏ ఆధారమూ ఉండదు. అందువల్ల కలకు మెలకువతో సమానమైన బరువు వస్తుంది. నాకు ఈ సినిమా మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం ఇదే.

ఇదే కోత మాటల్లోనూ ఉంది. విభాగాధిపతి షిమా మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూనే కప్పలు, వేణువులు, డోళ్లు అంటూ పొంతన లేని మాటల్లోకి జారిపోతాడు. గొంతులో అదే అధికారం, వాక్యంలో అదే నిర్మాణం, అర్థం మాత్రమే మాయమైంది. ఎదుట ఉన్నవారికి అనుమానం వచ్చేలోపే ఆయన పరుగెత్తి కిటికీలోంచి దూకేస్తాడు. మొదటిసారి చూసేవారు ఆ మాటలు ఎక్కడ తప్పాయో పట్టుకోలేరు, వెనక్కి తిప్పి మళ్లీ వినవలసి వస్తుంది.

పేర్లు పడే తొలి నిమిషాల్లోనే ఈ వ్యాకరణమంతా మనకు నేర్పేస్తాడు కోన్. రాత్రి నగరంలో స్కూటర్ మీద వెళ్లే పాప్రికా ప్రకటన బోర్డులోని బొమ్మ అవుతుంది, కంప్యూటర్ దగ్గర నిద్రపోయిన ఉద్యోగికి కోటు కప్పుతుంది, ఒక కుర్రవాడి టీషర్టు మీది చిత్రమై తప్పించుకుంటుంది, చిటికె వేసి ట్రాఫిక్‌ను ఆపేస్తుంది. తెల్లవారేసరికి ఆమె స్థానంలో కారు నడుపుతున్న అత్సుకో ఉంటుంది.

అమీర్‌పేట మైత్రీవనం ప్రాంతంలో యానిమేషన్ కోర్సు చేసిన రోజులు నాకు ఇక్కడ గుర్తుకు వస్తాయి. అప్పుడు మాకు బంతి ఎగరడం, మనిషి నడక, బరువు ఎత్తినప్పుడు నడుము ఎలా వంగుతుంది అనేవే పాఠాలు. అవన్నీ అవసరమే, కానీ ఒక షాట్‌కూ మరో షాట్‌కూ మధ్య ఏం జరుగుతుందన్న ప్రశ్న తరగతిలో రాలేదు. ఈ నగరంలో యానిమేషన్, వీఎఫ్ఎక్స్ స్టూడియోల్లో ఎంతోమంది పనిచేస్తున్నారు, వారిలో చాలామంది కదలికను అద్భుతంగా చేయగలరు. కోత గురించి ఆలోచించడం నేర్పే సినిమా మాత్రం నాకు ఇదే అయింది. ఇందులో డిటెక్టివ్ కొనకావా ఖాళీ థియేటర్‌లో కూర్చుని, రెండు పాత్రల మధ్య గీసుకునే, కెమెరా దాటకూడని ఊహారేఖ గురించి పాప్రికాకు వివరించే సన్నివేశం ఉంది. సినిమాలంటేనే గిట్టదనే ఆ మనిషి నోట ఆ పాఠం రావడం వెనక ఎంత నొప్పి ఉందో తర్వాత తెలుస్తుంది, దాన్ని నేను ఇక్కడ విప్పను.

ఇదే కోవలో మరికొన్ని చిత్రాలు చెప్పుకోవాలి. రిచర్డ్ లింక్‌లేటర్ 2001లో తీసిన 'వేకింగ్ లైఫ్'లో ముందుగా మనుషులను వీడియో తీసి, ఆ ఫ్రేముల మీద కంప్యూటర్‌లో బొమ్మలు వేశారు. అందులో గోడలూ ముఖాలూ నిరంతరం తేలుతూ ఉంటాయి కాబట్టి ఇది కలేనని ప్రతి క్షణం తెలుస్తూనే ఉంటుంది. దాని సంభాషణలంటే నాకు గౌరవం ఉంది గానీ, కింద నేల ఉందో లేదో తెలియని ఆ భయం అందులో నాకు కలగలేదు. కోన్ తొలి చిత్రం 'పర్ఫెక్ట్ బ్లూ' 1997లో వచ్చింది. అందులో మెలకువలోకి చొరబడేది కల కంటే భయంకరమైనది, గాయపడిన మనసు. పాప్రికాలో ఆ చొరబాటుకు పండుగ కళ వచ్చింది. ఫ్రిజ్జులు, పోస్టుడబ్బాలు, కప్పలు, బొమ్మలు కలిసి నడిచే ఊరేగింపుకు సుసుము హిరసావా ఇచ్చిన సంగీతం వింటే తెలుస్తుంది. అందులో వోకలాయిడ్ అనే సాఫ్ట్‌వేర్ గొంతు కూడా పాడుతుంది. మనిషిదో యంత్రానిదో తెలియని ఆ స్వరం ఊరేగింపుకు అచ్చంగా సరిపోయింది.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టిన విషయానికి వస్తాను. తప్పు డిస్కుది కాదు, టీవీది. మా ఇంట్లో ఉన్న టీవీలో కదలికను నునుపుగా చూపించే సౌకర్యం ఒకటి ముందే ఆన్ అయి ఉంటుంది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు ఉంటాయి, చేత్తో గీసే యానిమేషన్‌లో సాధారణంగా ఒక్కో బొమ్మను రెండు మూడు ఫ్రేముల పాటు నిలబెడతారు, అంటే సెకనుకు 12 లేదా 8 బొమ్మలు. ఎక్కడ నిలపాలి, ఎక్కడ వేగం పెంచాలి అన్నది గీసినవారి నిర్ణయం. టీవీ ఆ నిర్ణయాన్ని లెక్కచేయకుండా మధ్యలో లేని బొమ్మలను తనే ఊహించి చేరుస్తుంది. పాప్రికా చేయి ఊపితే వేళ్ల చుట్టూ గీతలు అలుక్కుపోతాయి. ఏ కోత కోసం ఈ సినిమా చూస్తున్నామో, ఆ కోత పదునే పోతుంది. కళాకారులు రాత్రింబవళ్లు కూర్చుని గీసినదాన్ని అడగకుండా దిద్దే ఈ సౌకర్యాన్ని కంపెనీలు ముందే ఆన్ చేసి అమ్మడం అన్యాయమని నా అభిప్రాయం.

లోపాలు లేవని నేను అనను. చివరి భాగంలో కథ హడావుడిగా ముగుస్తుంది, అత్సుకోకూ తోటి శాస్త్రవేత్త టోకిటాకూ మధ్య అనురాగం నమ్మించేంతగా ఎదగలేదు. డిస్కులో తెలుగు సబ్‌టైటిల్స్ లేకపోవడం నాకు వెలితిగానే ఉంది. అయినా ఇవేవీ నా అభిప్రాయాన్ని మార్చలేదు. కొనగలిగినవారు కొనండి, ఇది ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కొక్క షాటుగా చూడవలసిన సినిమా, ఆ పనికి డిస్కంత అనువైనది మరొకటి లేదు. కలలోని బార్‌లో పనిచేసే ఇద్దరి గొంతులు శ్రద్ధగా వినండి, అవి దర్శకుడు కోన్‌వీ, నవలా రచయిత త్సుత్సుయివీ.

తల్లిదండ్రులకు ఒక మాట. కార్టూనే కదా అని దీన్ని పిల్లల ముందు పెట్టకండి. ఇందులో హింస ఉంది, ఒక స్త్రీ మీద జరిగే దాడిని చూపించే కలత పెట్టే దృశ్యం కూడా ఉంది. ఇది పెద్దల కోసం తీసిన చిత్రం.

కోన్ 2010లో 46 ఏళ్లకే క్యాన్సర్‌తో మరణించాడు, మొదలుపెట్టిన తర్వాతి చిత్రం పూర్తికాలేదు. పూర్తిచేసిన సినిమాల్లో పాప్రికాయే ఆయన చివరిది. ఇది నచ్చినవారు తర్వాత 'మిలీనియం యాక్ట్రెస్' చూడండి, అక్కడ కల స్థానంలో ఒక నటి జ్ఞాపకాలు ఉంటాయి, ఆమెను ఇంటర్వ్యూ చేయడానికి వచ్చినవారు ఆ జ్ఞాపకాల్లోకే నడిచి వెళ్తారు. డిస్కు పెట్టే ముందు మాత్రం టీవీ పిక్చర్ సెట్టింగ్స్ తెరిచి, మోషన్ అన్న పేరుతో ఉన్నదాన్ని ఆఫ్ చేయండి. సినిమాను తీసినవారు అనుకున్నట్టే చూపించే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే దాన్నే ఎంచుకోండి.