పదిహేను వేల ఆప్షన్ వెనక ఏడు లక్షల బిల్లు

నమస్తే అండీ. ఖాతాలో లక్ష ఉందనుకుందాం. ఓ షేరు 1,400 దగ్గరుంది. 1,400 కాల్ (ఎక్స్‌పైరీ, అంటే గడువు రోజున ఆ షేరుని 1,400కే కొనే హక్కు) 30 రూపాయలు, లాట్‌కి (ఒక్కసారి కనీసం కొనాల్సిన కట్టకి) 500 షేర్లు. అంటే 15,000. "పోతే పదిహేను వేలేగా" అనుకుని బై నొక్కేస్తాం.

ఆ "పోతే" దగ్గర ఒక్క నిమిషం ఆగండి. వరసగా నాలుగుసార్లు పోతే మిగిలేది 40 వేలు. ఆప్షన్లలో వరసగా నాలుగుసార్లు పోవడం వింతేమీ కాదు. 2024 మార్చితో ముగిసిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్లలో) దిగిన మనలాంటి వాళ్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తీసింది.

(స్క్రీన్ మీద: 2,000 ÷ 500 = 4)

నేనైతే ఒక ట్రేడ్‌లో లక్షకి 2,000 మించి పోగొట్టుకోను. దాన్ని 500తో భాగిస్తే 4 రూపాయలు. 30కి కొన్నది 26కి వస్తే బయటపడాలి. కానీ ప్రీమియం (ఆప్షన్ ధర) ఆ నాలుగు రూపాయలు టీ తాగేలోపే ఊగుతుంది. స్టాప్‌లాస్ (ఇంత పడితే అమ్మేయమని ముందే పెట్టుకునే ఆర్డర్) ఊరికే తగిలేస్తుంది. కాబట్టి చాలాసార్లు జవాబు: ఈ లాట్ మన ఖాతాకి పెద్దది, వదిలేయాలి. ఈ మాట నాకూ మొదట్లో రుచించలేదు.

మరి స్ప్రెడ్? 1,400 కాల్ 30కి కొని, 1,440 కాల్ 14కి అమ్ముతాం. నికరంగా 16 రూపాయలు, లాట్‌కి 8,000. ఎక్స్‌పైరీలోపు రెండు కాల్స్‌నీ తెంపేసుకుంటే (కొన్నది అమ్మేసి, అమ్మినది తిరిగి కొనేస్తే) పోయేది అంతే, వస్తే గరిష్ఠంగా 12,000. రిజల్ట్స్ రోజు షేరు పెరిగినా ప్రీమియం కుప్పకూలుతుంది చూశారా, ఆ దెబ్బ కూడా కొంత తగ్గుతుంది. కానీ అమ్మిన కాల్‌కి మార్జిన్ (బ్రోకర్ దగ్గర పూచీగా ఉంచే డబ్బు) విడిగా కట్టాలి. పైగా 8,000 అన్నా మన 2,000 గీతకి నాలుగింతలు.

ఇప్పుడు అసలు సంగతి. నిఫ్టీ ఆప్షన్లు డబ్బుతో తేలిపోతాయి. స్టాక్ ఆప్షన్లు అలా కాదు, షేర్లే చేతులు మారాలి. ఎక్స్‌పైరీ రోజు షేరు 1,420 దగ్గర ముగిసిందనుకోండి. మనం అమ్మిన 1,440 కాల్ సున్నా. కొన్న 1,400 కాల్ మాత్రం బతికే ఉంది. లాభమే కదా అని వదిలేస్తే 500 షేర్లకి 1,400 చొప్పున 7,00,000 కట్టాలి. లక్ష ఖాతాలో! ఎక్స్‌పైరీకి నాలుగు రోజుల ముందు నుంచే ఇలాంటి కాల్‌కి డెలివరీ మార్జిన్ పెరుగుతూ పోతుంది.

2025 సెప్టెంబర్ నుంచి ఎన్‌ఎస్‌ఈలో స్టాక్ ఆప్షన్ల ఎక్స్‌పైరీ నెలలో చివరి మంగళవారం. నేను ముందు వారమే తెంపేసుకుంటా. అమ్మిన 1,440 కాల్ మొదట తిరిగి కొంటా, తర్వాతే 1,400 కాల్ అమ్ముతా. ఈ వరస తిరగేశారంటే మధ్యలో ఆ కొద్ది నిమిషాలూ కవర్ లేని (వెనక కొన్న కాల్ అండ లేని) కాల్ అమ్మినట్టే లెక్క. మార్జిన్ ఒక్కసారిగా ఎగిరిపోతుంది.