కార్డు ఖాళీగా ఉన్నా కరెంటు ఎందుకు లాగుతోంది?

అందరికీ నమస్కారం. బెంగళూరు ట్రాఫిక్‌లో సిల్క్ బోర్డ్ సిగ్నల్ దాటుకుని వచ్చినవాళ్లకి ఉపోద్ఘాతం చెప్పడం పాపం, నేరుగా విషయానికి వస్తాను.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు అంటే కంప్యూటర్‌కీ దానికి తగిలించిన కార్డుకీ, డిస్కుకీ మధ్య ఉండే దారి. అది ఎల్0లో, అంటే పూర్తి మెలకువలో ఉన్నంతసేపూ డేటా లేకపోయినా రెండు వైపులా ఐడిల్ సింబల్స్ అనే ఖాళీ సంకేతాలు పారుతూనే ఉంటాయి. డిస్కు ఊరికే కూర్చున్నా లైన్లు మాత్రం అరుస్తూనే ఉంటాయన్నమాట. పైగా చాలా లాప్‌టాప్‌లలో ఒక్క కార్డు ఎల్1 అనే లింకు నిద్రలోకి వెళ్లకపోతే చాలు, ప్రాసెసర్ ప్యాకేజీ కూడా లోతైన సీ-స్టేట్‌కి, అంటే తన గాఢనిద్రకి పోదు. ఒక్కరు మేలుకుంటే ఇంటిల్లిపాదికీ జాగారమే.

దీనికి మందు ఏఎస్‌పీఎం, అంటే ఖాళీగా ఉన్న లింకుని తనంతట తానే నిద్రపుచ్చే పద్ధతి. ఎల్0ఎస్ అంటే ఒక దిక్కు మాత్రమే తీసే కునుకు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ 6.0లో డేటాని ఒకే సైజు పొట్లాలుగా పంపే ఫ్లిట్ మోడ్‌లో దాన్ని వదిలేశారు, మనమూ వదిలేద్దాం. అసలు ఆదా ఎల్1 కింద ఉండే ఎల్1.1, ఎల్1.2లలో ఉంది. ఎల్1.1లో లైన్ల కామన్ మోడ్ వోల్టేజి, అంటే జంట తీగలు రెండింటి మీదా ఉండే ఉమ్మడి వోల్టేజి నిలబడే ఉంటుంది, ఎల్1.2లో అదీ పోతుంది. అందుకే లేవడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఎంత ఆలస్యాన్ని ఓర్చుకోగలనో కార్డు ఎల్‌టీఆర్ మెసేజ్‌లో చెబుతుంది. ఆ అంకె ఎల్1.2కి పెట్టిన హద్దు, అంటే థ్రెషోల్డ్ కంటే తక్కువైతే ఎల్1.2 జోలికి పోరు.

ఈ రెండు నిద్రలూ క్లాక్ రిక్వెస్ట్ అనే ఒక్క తీగ మీద ఆధారపడ్డాయి. ఎస్‌ఎస్‌డీలు పెట్టే ఎం.2 ఎం-కీ స్లాట్‌లో అది 52వ పిన్ను, మామూలు స్లాట్‌లో బీ12. కార్డుకి క్లాక్, అంటే లింకుకి లయ ఇచ్చే సిగ్నల్ కావాలంటే ఆ తీగ వోల్టేజిని కిందికి లాగాలి. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో చవగ్గా కొన్న రైజర్‌లో, అంటే స్లాట్‌ని పొడిగించే అడాప్టర్‌లో ఆ తీగ లేదనుకోండి, కార్డు ఎంత లాగినా కంప్యూటర్ వైపు పోర్టుకి తెలియదు. లింకు పోతుంది, కార్డులో ఏ రిజిస్టరు చదివినా అన్నీ ఎఫ్‌లే వస్తాయి, అంటే జవాబిచ్చేవాళ్లు లేరన్నమాట. పవర్ తీసేసి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఆ పిన్ను ఒక చివర నుంచి మరో చివరికి చూడండి, రెండు నిమిషాల పని.

లినక్స్‌లో సుడో పెట్టి ఎల్‌ఎస్‌పీసీఐ మైనస్ వీవీ కొట్టండి. లింక్ క్యాప్ లైనులో కార్డుకి చేతనైనవి, లింక్ కంట్రోల్ లైనులో ఇప్పుడు ఆన్‌లో ఉన్నవి కనిపిస్తాయి. రెండూ వేరు. మొదటిది చూసి సంతోషపడిపోయేవాళ్లే ఎక్కువ.

లింకు తెగిపోతోందని చాలామంది కెర్నల్ బూట్ లైనులో పీసీఐఈ ఏఎస్‌పీఎం ఈక్వల్ టు ఆఫ్ రాస్తారు. పేరు చూసి మోసపోకండి. దానర్థం కెర్నల్ ముట్టుకోదని మాత్రమే, బయాస్ పెట్టినవి అలాగే ఉంటాయి. నిజంగా ఆపాలంటే ఏఎస్‌పీఎం పాలసీని పర్ఫార్మెన్స్‌కి మార్చాలి. అనుమానం ఒక్క కార్డు మీదే అయితే, కెర్నల్ సెట్టింగులు ఫైళ్లలా కనిపించే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ కార్డు లింక్ ఫోల్డర్ తెరిచి ఎల్1.2 ఫైల్‌లో మాత్రమే సున్నా రాయండి. ఎల్1, ఎల్1.1 ఉంటాయి, ఆదాలో చాలా భాగం మిగులుతుంది.

ఎన్‌వీఎంఈ డిస్కు, అంటే పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద నడిచే ఎస్‌ఎస్‌డీ మాయమైతే ఇంకో చిక్కుంది. డిస్కు తన సొంత నిద్ర ఏపీఎస్‌టీ వేరు, లింకు నిద్ర వేరు. కెర్నల్ లాగ్ రెండూ కలిపి ఆపమంటుంది. ఒక్కొక్కటే ఆపి చూడండి, లేకపోతే దొంగ ఎవరో ఎప్పటికీ తేలదు.

డ్రైవర్ రాసేవాళ్లకి ఒక మాట. ఎల్1 ఆన్ చేసేటప్పుడు ముందు పై పోర్టులో, తర్వాత కార్డులో. ఆఫ్ చేసేటప్పుడు ముందు కార్డులో. ఇక ప్రశ్నలు అడగండి.