స్టేషన్లో ఫ్రీ వైఫై కలుపుకునే ముందు

శ్రోతలందరికీ నమస్కారమండీ. బెజవాడ స్టేషన్లో కూర్చున్నాం, బండి రెండు గంటలు లేటు, ఈ రోజు డేటా అయిపోయిందని మెసేజ్ వచ్చేసింది, అప్పుడు ఎవరమైనా చేసేది ఒకటే కదా, ఫ్రీ వైఫై ఏమైనా తగులుతుందేమోనని సెట్టింగ్స్ తెరవడం. తగులుతుంది కూడా. రైల్వే వాళ్ల టెలికాం సంస్థ రైల్‌టెల్ 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో మొదలుపెట్టి ఇప్పుడు 6,000కి పైగా స్టేషన్లలో రైల్‌వైర్ పేరుతో ఇస్తోంది, రోజూ మొదటి అరగంట ఫ్రీ. మంచి సదుపాయం, వాడుకోండి.

కాకపోతే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. వైఫైకి ఏ పేరైనా ఎవరైనా పెట్టేయొచ్చు. మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి రైల్‌వైర్ అని పేరు పెట్టి చూడండి, పక్క సీటాయన ఫోన్లో అచ్చం అలాగే కనపడుతుంది. ఆస్ట్రేలియాలో 2024లో ఒకతన్ని పోలీసులు పట్టుకున్నది ఇలాంటి పనికే, ఎయిర్‌పోర్టుల్లోనూ విమానంలోనూ అసలు వైఫై పేరుతోనే దొంగ వైఫై పెట్టాడు, కలిపిన వాళ్లకి ఒక పేజీ వచ్చేది, ఈమెయిల్‌తో గానీ సోషల్ మీడియా ఖాతాతో గానీ లాగిన్ అవ్వమనేది, అంతే, పాస్‌వర్డ్ అతని చేతికి.

అందుకే పేరు కాదండీ, ఆ పేజీ ఏం అడుగుతోందో చూడాలి. స్టేషన్ వైఫై మీ ఫోన్ నంబర్ అడుగుతుంది, ఓటీపీ పంపుతుంది, అది కొడితే నెట్ వస్తుంది. జీమెయిల్ పాస్‌వర్డ్, కార్డు నంబర్, యూపీఐ పిన్ అడిగినా, ఏదో యాప్ వేసుకుంటేనే నెట్ వస్తుందన్నా వెంటనే వైఫై ఆపేయండి.

ఇప్పుడు బ్యాంకు సైట్లన్నీ ఎన్‌క్రిప్షన్‌తోనే నడుస్తాయి, మధ్యలో ఉన్నవాడికి మీరు టైప్ చేసింది కనపడదు, అది నిజమే. కానీ బ్రౌజర్ ఎర్రగా ఈ సైట్ సేఫ్ కాదని చూపిస్తుంటే, బండొచ్చేస్తోందనే కంగారులో పర్లేదులే అని ముందుకెళ్లిపోతాం చూడండీ, అక్కడే ఆ రక్షణంతా పోతుంది. డబ్బు పంపాలంటే మాత్రం వైఫై ఆపి సిమ్ డేటా మీదే పంపండి, డేటా అయిపోతే పక్కనున్న మనవాళ్ల హాట్‌స్పాట్ అడగండి.

బండెక్కాక ఆ వైఫై పేరు నొక్కి, ఫర్గెట్ అని ఉంటుంది, అది కొట్టేయండి, లేకపోతే ఇంకోచోట అదే పేరుతో ఎవడు పెట్టినా మీ ఫోన్ మిమ్మల్ని అడక్కుండానే కలిసిపోవచ్చు. ఊరెళ్లే అమ్మానాన్నలకి ఇది ఫోన్లో చెబితే సరిపోదు, దగ్గర కూర్చుని వాళ్ల చేత్తోనే చేయించండి.

పొరపాటున డబ్బు పోయిందా, ఎవరేమనుకుంటారోనని ఆగొద్దు, దిగేదాకా చూద్దామనీ ఆగొద్దు, బండిలోంచే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాలోకి వెళ్లిపోకముందే చెబితే ఆపించే అవకాశం ఉంటుంది.