ఇదేమి?

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. ఈ ఆదివారం వాక్యం నిర్గమకాండము 16వ అధ్యాయం, ఎడారిలో ఆకలిగొన్న ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి మన్నా అనే ఆహారం కురిపించిన ఘట్టం.

అదేమిటో తెలియక ఇశ్రాయేలీయులు ‘ఇదేమి?’ అని ఒకరినొకరు అడిగారు. తెల్లగా, కొత్తిమీర గింజలా, అంటే మన వంటింటి ధనియమంత ఉండేది. ఎండ ముదిరితే కరిగిపోయేది. మనిషికి ఓమెరు చొప్పున, అంటే సుమారు రెండు లీటర్ల కొలత, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి. మాట వినక దాచినవాళ్ల పాత్రల్లో తెల్లారేసరికి పురుగులు! వాళ్లను నడిపిస్తున్న మోషేకు కోపం వచ్చింది.

నాకు మాత్రం వాళ్ల మీద జాలే. మొన్నటిదాకా ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలు. రేపు నేల మీద ఏమీ లేకపోతే పిల్లలకు ఏం పెట్టాలి? రోజు విడిచి రోజు నల్లా వచ్చే మన వీధుల్లో సంపు నిండాక కూడా బిందెలు, బకెట్లు, చివరికి చెంబులు నింపేవాళ్లం మనం. వాళ్లను తప్పుపట్టడానికి నోరెలా వస్తుంది?

అయితే అదే అధ్యాయంలో, ఆరో రోజు రెండింతలు ఏరుకొమ్మన్నాడు దేవుడు. ఆ మన్నా మర్నాటికీ చెడలేదు. కాబట్టి దాచడమే తప్పు కాదు. 1908 సెప్టెంబరులో మూసీ నది మన హైదరాబాదు నగరాన్ని ముంచెత్తాక, దేవుడే చూసుకుంటాడులే అని ఊరుకోకుండా గండిపేట జలాశయం కట్టారు. మంచి పని చేశారు. చెడేది భయంతో దాచుకున్నదే.

నా సంగతీ చెప్పాలి. నిరుడు మా అబ్బాయి ఉద్యోగం పోయింది. ఆ రాత్రి రెండింటికి కరెంటు బిల్లు వెనకవైపు 2039 దాకా ఉన్న ఇంటి వాయిదాలన్నీ కూడుతూ కూర్చున్నాను. మా ఆవిడ లేచి వచ్చి, కాగితం వంక చూసి, “ఏమండీ, ఇందులో ఈ రోజు కట్టాల్సింది ఎంత?” అంది.

లెక్క చూశాను. పాలు, కూరలు, మా నాన్నగారి బీపీ మాత్రలు. మాత్రలు డబ్బాలో ఉన్నాయి, కూరలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పాల ప్యాకెట్లు ఇంకో మూడు గంటల్లో గుమ్మంలో పడతాయి.

అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదు. వాయిదాలూ తగ్గలేదు. కానీ మొన్న పొద్దున కాఫీ గ్లాసుతో హాల్లోకి వస్తే, చూపు ఆనని మా నాన్నగారికి వాడు పేపరు చదివి వినిపిస్తున్నాడు. ఆటల పేజీ దగ్గర ఇద్దరూ గట్టిగా వాదించుకుంటున్నారు. ఉద్యోగం ఉన్న ఆరేళ్లలో తాతా మనవళ్లు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూడలేదు. గుమ్మంలోనే నిలబడిపోయి, ‘ఇదేమి?’ అనుకున్నాను.